కలపకుండా ఇచ్చిన పూలు

మొన్న నిజామాబాద్‌లో ఒక బట్టల దుకాణంలో మా అమ్మాయి తెల్లటి టాప్ ఒకటి తీసి భుజాలకు ఆనించుకుని చూసుకుంటోంది. చిన్న చిన్న దారపు పూలను ఒకదానికొకటి కలిపి చేసిన ఎండాకాలపు టాప్ అది. నేను దాన్ని లాక్కున్నంత పని చేసి, తిరగేసి, పూలు కలిసే చోట వేలు పెట్టి చూశాను. మెషిన్ పని. అమ్మాయి సిగ్గుపడి, "ఏందమ్మా, దొంగను పట్టుకున్నట్టు చూస్తున్నవ్," అంది. నిజమే, ఇరవై ఏళ్ళ కింద నేను ఒక దొంగను పట్టుకున్నాను. ఆ సంగతి దానికి ఎప్పుడూ చెప్పలేదు.

రెండు వేల ఐదో, ఆరో, సరిగ్గా గుర్తు లేదు. నాది డిగ్రీ మొదటి సంవత్సరం అయిపోయి సెలవులు. పొద్దున అమ్మతో కలిసి ఆర్మూర్‌లో పసుపు పనికి పోయేదాన్ని. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములు డ్రమ్ములో తిరిగి నున్నబడుతుంటే లేచే దుమ్ము కనురెప్పల మీద కూడా కూర్చునేది. మధ్యాహ్నం స్నానం చేసి, అల్లిక నేర్చుకోవడానికి పక్కనే పెర్కిట్‌లో ఉన్న మా పెద్దమ్మ ఇంటికి పోయేదాన్ని. అమ్మకు అక్క ఆవిడ. దవాఖానలో ఆయాగా పనిచేసి మానేసింది. అక్కడి ముసలి నర్సు దగ్గర ఎప్పుడో కొక్కెం సూదితో చేసే క్రోషియా అల్లిక నేర్చుకుంది. కళ్ళలో పొరలు కమ్మినా వేళ్ళతో తడిమి, ఎన్నో గొలుసు కుట్టు దగ్గర తప్పానో చెప్పగలిగేది. తెల్ల దారం ముట్టుకునే ముందు నా చేతులు చింతపండుతో రుద్దించేది, తర్వాత సబ్బుతో, మళ్ళీ చింతపండుతో. అంత రుద్దినా గోళ్ళ అంచుల్లో పసుపు ఉండనే ఉండేది. దారపు ఉండను స్టీలు డబ్బాలో పెట్టి, మూత సందులోంచి కొస మాత్రం బయటికి లాగించేది. నేనేదో ఆపరేషన్ చేస్తున్నట్టు ఉండేది ఆ ఏర్పాటంతా.

పెద్దమ్మ పువ్వుకు ఆరు రేకులు. పువ్వు మొత్తం ముందే అల్లేయకూడదు. చివరి వరస ఆపి ఉంచి, దాన్ని అల్లేటప్పుడే పక్క పువ్వు రేకు కొసలోంచి సూది దూర్చి దారం లాగాలి. అలా లాగితే పూలు రెండూ చేతులు పట్టుకున్నట్టు కలిసిపోతాయి. ఆ లాగడం ఎక్కువైతే గుడ్డ ముడుచుకుంటుంది, తక్కువైతే వేలాడుతుంది. పూలు అల్లడం వారంలో వచ్చింది నాకు. కలపడం రావడానికి నెల పట్టింది. మొదటి టాప్ మా వదిన కూతురి కోసం చేశాను. వదిన అంటే పెద్దమ్మ కోడలు, ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు బడిలో టీచరు. గట్టి మనిషి. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుండాలో కూడా ఆవిడే చెప్పాలి. ఆవిడ ఏది చెప్పినా అన్న తల ఊపేవాడు.

చర్చిలో ఎవరిదో పెళ్ళి అయి, భోజనాల దగ్గర కూర్చున్నాం. ఆ పిల్ల ఆ టాప్ వేసుకుని పరుగులు తీస్తోంది. వదిన పనిచేసే బడి ప్రిన్సిపాల్ భార్య పిల్లను ఆపి, తడిమి చూసి, ఎవరు అల్లారని అడిగింది. వదిన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తనే అల్లానని, ఎండాకాలం తోచక నాలుగు పూలు అల్లుతుంటానని చెప్పింది. అత్తగారు పక్క కుర్చీలోనే ఉంది. నేను ఎదురుగా ఉన్నాను. మా అమ్మ ఊరుకోలేక, మా బిడ్డ అల్లింది కదా అని మెల్లగా అంది. వదిన నా చెయ్యి పట్టుకుని పైకెత్తి, అందరికీ కనబడేలా వేళ్ళు విప్పింది.

"గీ పసుపు చేతులతోనా చిన్నత్తమ్మా? తెల్ల దారం తెల్లగుంటదా?"

అందరూ నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వే నన్ను ఎక్కువ మండించింది. విస్తరిలో అన్నం అలాగే వదిలేసి లేచాను.

ఆ నెలలోనే వదిన మా ఇంటికి వచ్చింది, మొదటిసారి పళ్ళు పట్టుకుని. ప్రిన్సిపాల్ భార్య తన కూతురికి అలాంటిదే కావాలందట, ఈవిడ ఒప్పుకుందట. "జర అల్లిపెట్టు, నీ చెయ్యి మంచిది," అంది. పెళ్ళిలో పసుపు చెయ్యి, ఇంట్లో మంచి చెయ్యి. సరేనన్నాను. అంత తొందరగా ఒప్పుకున్నందుకు అమ్మ నా మొహం కేసి అనుమానంగా చూసింది.

ఆ పూలు నేను ఎంత అందంగా అల్లానో చెప్పలేను. కోపంతో అల్లితే దారం బిగుసుకుంటుందని పెద్దమ్మ అనేది కానీ, నాకు మాత్రం చెయ్యి అంత కుదురుగా ఎప్పుడూ ఆడలేదు. ఒక్కో రేకుకు ఒక్కో మాట అనుకుంటూ అల్లాను. అరవై రెండు పూలు, అన్నిటికీ చివరి వరస ఆపేశాను. ఎప్పుడిస్తావని వదిన అడిగినప్పుడల్లా దగ్గరపడిందని చెప్పాను. ప్రిన్సిపాల్ భార్య టాప్ కోసం వదిన ఇంటికి ఏ ఆదివారం వస్తుందో కనుక్కున్నాను.

ఆ ఆదివారం వాళ్ళ గేటు ముందు కారు ఆగిన కాసేపటికి లోపలికి పోయాను. ఆవిడ చాయ్ తాగుతోంది. పెద్దమ్మ తలుపు పక్కన పీట మీద ఉంది. నేను డబ్బా తెరిచి పూలు, సూది, దారం వదిన ఒళ్ళో పెట్టాను.

"వదినా, నువ్వు అల్లిన పూలు మా ఇంట్ల మర్చిపోయినవ్. ఇగ కలుపుడే ఉన్నది. మేడం ముందట ఒక రెండు కలుపు, కొలత గూడ చూసుకుంటరు."

వదిన నా వైపు చూసింది. ఆ చూపు కోసమే నెలంతా అల్లాను. మేడం కుర్చీ ముందుకు జరుపుకుని, చూపించండి, నాకూ నేర్చుకోవాలనుంది అంది. వదిన సూది తీసుకుంది. కొక్కెం తన అరచేతి వైపు, మొండి కొస పువ్వు వైపు. తలకిందులుగా పట్టుకుంది. రెండుసార్లు గుచ్చింది. పువ్వు ఒక రేకు ఊడి దారమైపోయింది. మేడం కప్పు కింద పెట్టి, మరి అల్లింది ఎవరని అడిగింది. నేను నోరు తెరిచేలోపు పెద్దమ్మ అందుకుంది.

"మా కోడలికి బడి పనిల తీరిక యాడిదమ్మా. పోరి అల్లింది, నేను నేర్పిన. ఇంటి పనే గదా, ఎవరల్లితేంది."

మేడం మర్యాద గలది. ఇంకేమీ అనకుండా లేచింది. కారు వెళ్ళిపోయాక వదిన గదిలోకి పోయి తలుపేసుకుంది. నేను పెద్దమ్మ పక్కన కూర్చున్నాను, మెచ్చుకుంటుందని. ఆమె నా చేతిని వెతికి పట్టుకుంది.

"గెలిచినవ్ బిడ్డా. నువ్విప్పుడు మీ ఇంటికి పోతవ్. నేను గీడనే ఉండాలె."

నాకు ఆ మాట ఆ రోజు ఎక్కలేదు. ఇంటికి వచ్చి రెండు పళ్ళాల అన్నం తిన్నాను.

పెద్దమ్మకు పూటకూడు కరువవుతుందేమోనని అమ్మ భయపడింది. అలాంటిదేమీ జరగలేదు. జరిగింది నేను ఊహించనిది. మర్నాడు పొద్దునే వదిన అత్తగారి ముందు కింద కూర్చుని, నేర్పమందట. వారం తర్వాత నేను పోయేసరికి వరండాలో ఇద్దరూ ఒకే చాప మీద ఉన్నారు. పెద్దమ్మ వేళ్ళు వదిన చేతుల్లోని పువ్వు మీద తిరుగుతున్నాయి. వదిన తలెత్తి, "అత్తమ్మకు పనున్నది," అంది. పెద్దమ్మ నా చెప్పుల చప్పుడు గుర్తుపట్టే ఉంటుంది. అయినా పిలవలేదు. గేటు దగ్గర కాసేపు నిలబడి వచ్చేశాను.

నా అరవై రెండు పూలను వదినే కలిపింది. మెడ వంకరపోతే మూడుసార్లు విప్పి మళ్ళీ కలిపిందని, నాలుగోసారి పెద్దమ్మ తడిమి చూసి వంక పెట్టలేదని అమ్మ చెప్పింది. ఆ టాప్ తీసుకెళ్ళి మేడం చేతుల్లో పెట్టి వచ్చిందట. నేను బయటపెట్టిన అబద్ధాన్ని ఆవిడ కూర్చుని, కష్టపడి, సగం నిజం చేసేసింది. నా మీద అంతకంటే పెద్ద పగ ఇంకేం తీర్చుకుంటుంది? పెద్దమ్మ దగ్గర ఆకుల అల్లిక, నెమలి అంచు, బొడ్డుమల్లె పువ్వు ఇంకా చాలా ఉండేవి. అవన్నీ ఆ చాప మీదే వదిన చేతుల్లోకి దిగిపోయాయి. రెండేళ్ళకు పెద్దమ్మ పోయింది. ఇప్పుడు ఆర్మూర్ ఆడపిల్లలు అల్లిక నేర్చుకోవడానికి వదిన దగ్గరికే పోతారు. మా అత్తమ్మ నేర్పిందని అందరికీ చెబుతుందట. నాకు ఇప్పటికీ ఒక్క పువ్వే వచ్చు.

వదిన సూదిని తలకిందులుగా పట్టుకున్న ఆ క్షణం గుర్తొస్తే ఈ వయసులోనూ నాకు హాయిగా ఉంటుంది, అబద్ధం ఎందుకు. పెద్దమ్మ పక్కన అల్లుకున్న ఆ మధ్యాహ్నాలు మాత్రం పోయాయి. ఇన్నేళ్ళలో నా కోపం తగ్గింది లేదు. అందులో సగం మాత్రం, ఏ ఏట తిరిగిందో తెలియకుండానే, నా వైపు తిరిగి కూర్చుంది.