మా కొండ మీదుగా ముంబైకి

చెన్నై నుంచి ముంబైకి గాలిలో దాదాపు వెయ్యి ముప్పై కిలోమీటర్లు, రెండు గంటల చిల్లర ప్రయాణం. ఈ లెక్క నాకు పదకొండేళ్లుగా తెలుసు. ముంబై పక్కన భివండీలో ఉన్న మా అక్కను చూసి కూడా పదకొండేళ్లే. తిరుత్తణి దగ్గర పొదటూరుపేటలో, మా నేతగాళ్ల ఇళ్లలో ఒక పట్టింపు ఉంది: మగ్గం మీద చీర సగంలో ఉండగా కోయకూడదు, ఊరు దాటకూడదు. ఒకటి ముగియగానే ఇంకోటి మొదలుపెట్టేవాణ్ణి కనుక నా మగ్గం మీద ఎప్పుడూ ఒక సగం చీర ఉండేది. సాకు కావలసినవాడికి ఇంతకంటే గట్టి ఆచారం దొరకదు.

మొన్న అక్క ఫోన్ చేసింది. షుగరుతో ఆమె చూపు పోయి ఏడాదైంది. “తొందరేం లేదులేరా, ఇప్పుడొచ్చినా నువ్వు కనపడవు. వేళ్లు గూడా మొద్దుబారతా ఉండాయి. అవి పనిచేసేటప్పుడే వస్తే మొగం తడిమి చూసుకుంటా,” అంది. ఆ సాయంత్రమే కత్తెర తీసి, మగ్గం మీది నీలం చీరను ఉన్నకాడికి కోసి సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున ఐదింటి బస్సుకు బయలుదేరి ముప్పావు గంటలో మా గుడి కొండ కిందున్న తిరుత్తణి చేరాను. స్టేషన్లో కాఫీ అమ్మే ఆయన పలకరించాడు.

“సంచెత్తుకోని యాడికి మామా?”

“బొంబాయికి.”

“బొంబాయి బండ్లు ఆ పక్కకు గదా పోయేది! చెన్నై బండికి నిలబడుకోనుండావే?”

“ఇమానం ఎక్కాలప్పా.”

“అంటే చెన్నైకి పోయి, మళ్లా మన నెత్తిమీదనే పోతావా? కొండెక్కి చెయ్యెత్తుంటే సరిపోయేది గదా!”

నవ్వాను కానీ, అతని లెక్క తప్పు కాదు. పెళ్లయిన అక్క బావతో బొంబాయి బండెక్కింది ఈ ప్లాట్‌ఫారం మీదే. ఆ రైలుకు ఇప్పటికీ దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది.

లోకల్ బండికి ఇరవై రూపాయలు, రెండు గంటల పైచిలుకు. తిరువళ్లూరులో ఎక్కిన ఒకావిడ అడగకుండానే మల్లెపూల బుట్ట నా ఒళ్లో పెట్టి, పెరంబూరు దాకా నిద్రపోయింది. సెంట్రల్ నుంచి మెట్రోలో ముక్కాలు గంటకు విమానాశ్రయం. విమానం టికెట్టు ఐదువేల చిల్లర. పొద్దున్నుంచి నేను దాటివచ్చిన దూరాన్ని విమానం పది నిమిషాల్లో వెనక్కి దాటేసింది. నాది కుడివైపు సీటు. కొండ ఎడమవైపు వెళ్లిపోయింది.

భివండీకి టాక్సీలో ఇంకో రెండు గంటలు. అక్క నా మొహం తడిమి, “ముసిలోడివైపోయినావు గదరా,” అంది. తర్వాత చీర అందుకుంది. వేళ్లు అంచు పట్టుకుని నడిచి, చివరికొచ్చి ఆగాయి.

“కొంగు యాడరా?”

“ఇంకా నెయ్యలేదక్కా.”

“సగంలో కోసినావా? నువ్వా?”

కోసిన చోట వేలాడుతున్న దారాలను నాలుగేసి పట్టుకుని ముడులు వేయడం మొదలుపెట్టింది. దారం జారిపోయేది, మళ్లీ వెతుక్కునేది. సాయం పట్టబోతే నా చెయ్యి తోసేసింది.

రెండు గంటల దూరానికి నేను పదకొండేళ్లు తీసుకున్నాను. చూపున్న రోజుల్లో ఆమె వాకిలి వైపు ఎన్నిసార్లు చూసి ఉంటుందో అడిగే ధైర్యం నాకు లేదు. వెళ్లదలచినవారికి ఒకటే మాట: ఎడమవైపు కిటికీ సీటు అడగండి, మబ్బు లేకపోతే మా కొండ కనిపిస్తుంది. టికెట్టు మాత్రం, మగ్గం మీద ఏముందో చూసుకోకుండా కొనండి.