తెల్లటి క్రీమ్ మీద నజీహ్ మొహం

లెబనాన్‌లోని సైదా ఊళ్ళో పాత రేవుకు వెళ్ళే వీధిలో, ఖైరీ గారి మిఠాయి దుకాణంలో నేను పద్నాలుగేళ్ళుగా పొయ్యి దగ్గర పనిచేస్తున్నాను. నేను కాల్చి ఇచ్చిన కేకుల మీద బొమ్మలు వేసేది రిహాబ్. అంతకుముందు ఆమె దిండు గలీబుల మీద ఎంబ్రాయిడరీ కోసం పూలు అచ్చు దింపే పని చేసేది. అన్న కుటుంబంతో ఉండేది, పెళ్ళి కాలేదు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే, "ఇంట్లో ఇప్పటికే ఆరుగురం, ఏడోవాడు ఎక్కడ పడుకుంటాడు?" అనేది.

తొంభై ఎనిమిదిలో ఖైరీ గారు బేరూత్ నుంచి ఒక ప్రొజెక్టరు తెచ్చారు. బల్లకు బిగించిన ఇనపకడ్డీకి వేలాడే పెట్టె అది. లోపల పెద్ద బల్బు, అద్దం ఉంటాయి. ఫొటో అందులో పెడితే కింద కేకు మీద అదే బొమ్మ పెద్దగా పడుతుంది. రిహాబ్ తెర లాగి, గదిలో లైటు ఆర్పి, కాగితపు పొట్లంలో కరిగించిన చాక్లెట్ పోసుకుని, వెలుతురు గీసిన గీతల మీదుగా చెయ్యి నడిపేది. చెయ్యి వణికేది కాదు. ఎవరో పెళ్ళికొడుకు బొమ్మ ఆమె మణికట్టు మీద పడినప్పుడు నేను తలుపు సందులోంచి వేళాకోళం చేసేవాణ్ణి.

"ఎక్కి కూర్చున్నాడు చూడు, ఇంక దిగడు. నువ్వే చేసుకో."

"నువ్వు ఆ అడుగు మాడకుండా చూసుకో ముందు. వాసన ఇక్కడిదాకా వస్తోంది."

మరుసటేడు మార్చి నాలుగున ఉమ్ నజీహ్, అంటే నజీహ్ తల్లి, వచ్చింది. అరవై దాటిన మనిషి, నల్లకోటు, చేతిలో బట్టసంచి. సంచిలో రుమాలు, రుమాల్లో కవరు, కవర్లో చిన్న రంగుల ఫొటో. పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు, తెల్లకాలరు, దట్టమైన జుట్టు. గుర్తింపు కార్డు నుంచి ఊడదీసినదేమో, ఒక మూల ప్రభుత్వ ముద్ర సగం పడి ఉంది.

"మా నజీహ్ పుట్టినరోజు. ముద్ర మాత్రం గియ్యకు తల్లీ," అంది.

అడగకుండానే మిగతాది చెప్పింది. ఎనభై అయిదులో, యుద్ధం నడుస్తుండగా, గ్యాసు బండ కోసం బయటికి వెళ్ళాడు. వంతెన దగ్గర సాయుధులు కారు ఆపారని ఒకడు చెప్పాడు. బండ మాత్రం దొరికింది. ఆమె ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. వెళ్ళిన ప్రతి చోటా ఒక ఫొటో అడిగారు.

రిహాబ్ ఫొటో పెట్టి లైటు ఆర్పింది. ముసలామె స్టూలు లాక్కుని కేకు పక్కనే కూర్చుంది. బొమ్మ గీయడం ఇరవై నిమిషాల్లో అయిపోయింది. రిహాబ్ స్విచ్చు మీద చెయ్యి వేయబోతే ఉమ్ నజీహ్ ఆపింది.

"ఇంకాసేపు ఉండనీ తల్లీ."

ఆ కాసేపు గంటయింది. నేను రెండుసార్లు కాఫీ ఇచ్చాను.

అలా ప్రతి ఏడూ వచ్చేది. వచ్చిన ప్రతిసారీ గంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. పనులు ఆగుతున్నాయని ఖైరీ గారు గొణిగేవారు, కానీ గదిలోకి మాత్రం వెళ్ళేవారు కాదు. కేకు ఇంటికి తీసుకెళ్ళి ఏం చేస్తుందో ఒకసారి చెప్పింది. చెల్లెలు సల్మా, ఆమె పిల్లలు వస్తారట. చుట్టూ అంచులు కోసుకుని తింటారట. మొహం ఉన్న ముక్క ఫ్రిజ్‌లో పెట్టుకుంటుందట, క్రీమ్ పగిలేదాకా.

రెండో ఏడే రిహాబ్ అడిగింది. "పక్కన స్టూడియో ఉంది కదమ్మా, దీనికి ఇంకో కాపీ తీయిద్దాం. రేపు ఇచ్చేస్తాడు."

"ఏడు ఫొటోలు ఇచ్చాను నేను. రేపు ఇస్తామనే తీసుకున్నారు అందరూ. ఇది నా చెయ్యి దాటదు."

రిహాబ్ మళ్ళీ అడగలేదు. అడిగి ఉండాల్సిందని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో నాకు తెలుసు.

నాలుగో ఏడు ఫొటో అంచులు పైకి లేచాయి. ఆరో ఏడు కేకు మీద కనుబొమలు సరిగ్గా పడలేదు. బల్బు పాతబడిందనుకుని రిహాబ్ కొత్తది వేయించింది. కొత్తది ఇంకా వేడెక్కేది. ఎనిమిదో ఏడు ముక్కు ఎక్కడుందో తెలియక, ఉందనుకున్న చోట గీసింది. ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఆ ఫొటోని నేనే కాలుస్తున్నాను," అంది.

"ఇరవై ఏళ్ళ ఫొటో. అదే పోతుంది."

"అంచుల్లో రంగు బాగానే ఉంది. వెలుతురు ఎక్కువ పడే చోటే, మధ్యలోనే పొక్కులు లేచాయి. గంటలకొద్దీ ఎవరు ఉంచారు? నేనే కదా."

"ఆమె అడిగితే ఉంచావు."

"ఆమెకు తెలీదు. నాకు తెలియాలిగా."

తొమ్మిదో ఏడు వచ్చేసరికి ఫొటో మధ్యలో పైపొర రాలిపోయింది. ప్రొజెక్టరు వెలిగించగానే కేకు మీద జుట్టు పడింది, కాలరు పడింది, మూలన నీలిరంగు ముద్ర ఎప్పటికన్నా స్పష్టంగా పడింది. మొహం ఉండాల్సిన చోట ఏమీ లేదు. నేను ట్రే ఇవ్వడానికి వెళ్ళి అక్కడే నిలబడిపోయాను.

రిహాబ్ చాక్లెట్ పొట్లం కింద పెట్టేసింది.

"అమ్మా, నీకొక మాట చెప్పాలి. దీని వేడి వల్లే ఫొటో పాడయింది. నాకు పోయినేడే తెలిసింది. చెప్పలేదు."

ఉమ్ నజీహ్ తల తిప్పలేదు. "నాకు నాలుగో ఏడే తెలుసు."

"తెలిసి ఎందుకు తెచ్చావమ్మా?"

"ఇంట్లో చూస్తే వాడు నా బొటనవేలంత. కళ్ళజోడు పెట్టుకున్నా కనపడడు. ఇక్కడ నా మొహమంత ఉంటాడు." ఒళ్ళో రుమాలు మడత పెడుతూ, "దాచుకుంటే మాత్రం ఎవరికోసం దాచను?" అంది.

రిహాబ్ ఏడ్చింది. ముసలామె ఏడవలేదు.

"చెయ్యి తుడుచుకో. కాలరు గియ్యి. జుట్టు గియ్యి. మధ్యలో వదిలెయ్యి."

రిహాబ్ అలాగే గీసింది. ఆ ఏడు ఉమ్ నజీహ్ గంటసేపు కూర్చోలేదు. ఫొటో రుమాల్లో చుట్టుకుని, డబ్బా పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ శీతాకాలంలో ఉమ్ నజీహ్ పోయింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. మేమిద్దరం పరామర్శకు వెళ్ళాం. చేదు కాఫీ ఇచ్చారు, తాగి వచ్చేశాం. నలభై రోజులు గడిచాక సల్మా దుకాణానికి వచ్చింది. అక్క సమాధి రాయి దగ్గర నజీహ్ బొమ్మ కూడా పెట్టాలని పిల్లల కోరిక. ఇళ్ళన్నీ వెతికారు. మొహం ఉన్న ఫొటో ఎక్కడా ఒక్కటీ లేదు. యుద్ధంలో ఇల్లు రెండుసార్లు మారారు.

"నువ్వు ఎనిమిదిసార్లు వేశావు కదమ్మా. నీకంటే ఎక్కువ చూసినవాళ్ళు లేరు. పెన్సిలుతో గీసిచ్చినా చాలు."

రిహాబ్ బల్ల దగ్గర కూర్చుంది. కేకు డబ్బా అట్ట తిరగేసి పెన్సిలు పట్టుకుంది. జుట్టు వచ్చింది, కాలరు వచ్చింది. దవడ గీసి చెరిపింది. కళ్ళు గీసి చెరిపింది. మళ్ళీ గీసింది. సల్మా వంగి చూసింది.

"ఇలా ఉండేవాడు కాదు. కానీ ఎలా ఉండేవాడో చెప్పమంటే నాకూ రావడం లేదు."

"నేను మొహం చూడలేదమ్మా," అంది రిహాబ్. "గీత ఎటు పోతే అటు పోయాను. చాక్లెట్ తెగకుండా ఉందా, అదే చూశాను. అంతే."

సల్మా ఆమె భుజం తట్టి, అట్ట అక్కడే వదిలేసి వెళ్ళింది.

మరో ఏడాదికి ఖైరీ గారు చక్కెర కాగితం మీద ఫొటో అచ్చువేసే యంత్రం కొన్నారు. బొమ్మ గీసే అవసరం తీరిపోయింది. రిహాబ్‌ను పనిలోంచి తీసెయ్యకుండా ముందు గదికి మార్చారు. పండగ రోజుల్లో ఖర్జూరం కూరిన మఅమూల్ బిస్కెట్లు డబ్బాల్లో సర్దుతుంది, పన్నెండేసి చొప్పున, పైన కాగితం వేసి. నేను వేళాకోళం చేస్తే బదులు చెప్పదు. ఎవరైనా పాత ఫొటో పట్టుకుని లోపలికి వస్తే, సర్దుతున్న డబ్బా అలాగే వదిలేసి వెనక గదిలోకి వెళ్ళిపోతుంది. వాళ్ళు వెళ్ళాక నేను పిలవాలి.