కండ్లు తెరిచిన ఫోటో

మా చిన్నప్పుడు... మా ఊళ్లోకి ఫోటో స్టూడియో ఆయన సైకిలు వచ్చిందంటే ఎవరో పోయారనే లెక్క!

దేవరుప్పుల దగ్గర చిన్న ఊరు మాది. పెళ్లిళ్లకు కూడా ఫోటోలు తీయించుకునేవాళ్లు కాదు. మనిషి పోయాకే జనగామకు కబురు వెళ్లేది. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడితే ఆయన ఒక్కటంటే ఒక్క ఫోటో తీసేవాడు. గోడమీద మిగిలేవి ఆ మూసుకున్న కళ్లే...

అలాంటి ఊళ్లో నా చేతికి కెమెరా వచ్చింది! పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న ఎండాకాలం. రైల్వేలో పనిచేసే మా మేనమామ తన పాత డబ్బా కెమెరా ఇచ్చి, "ఎండ నీ ఈపు దిక్కుండాలె బిడ్డా... ఊపిరి బిగవట్టి నొక్కు" అని అంతే నేర్పాడు. నేను వాకిట్లోకి వస్తే చాలు, ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి ఉరికేవాళ్లు. రీలంతా కోళ్లకూ మేకలకూ అయిపోయి, ఆఖరికి ఒక్క ఫోటో మిగిలింది.

అప్పుడే తాతకు కడుపులో గడ్డ అన్నారు. వరంగల్ పెద్ద దవాఖానలో ఆపరేషన్. తిరిగి వస్తాడో రాడో... ఆ మాట ఎవరి నోటా రాలేదు కానీ అందరి ముఖాల్లోనూ అదే. బయల్దేరే రోజు పొద్దున నాకు ఒకటే గుబులు... తాత బతికున్న ఫోటో ఒక్కటీ లేదు! కెమెరా పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను.

"ఏందే, నేను సావకముందే ఫోటోనా?" అని తాత గద్దించాడు.

అవ్వ, అంటే మా నాయనమ్మ, "లోపల వడేయ్ దాన్ని! మనిషి దవాఖానకు వోతాంటే గిదేం పాడు పనే!" అని ఏడుపు అందుకుంది. అయినా నేను కదల్లేదు, మొండిదాన్ని కదా!

"సరే, తియ్. గని కుర్చీల కూసోను. కండ్లు మూయను" అన్నాడు తాత.

కొట్టం ముందు ఎండలోకి వచ్చి, ఎద్దు మూపురం మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఆ కెమెరాలోకి పైనుంచి తొంగి చూడాలి... కుడి ఎడమగా కనబడుతుంది. తాతను మధ్యకు తెద్దామని ఇటు జరిపితే అటు పోతున్నాడు! అంతలో రోడ్డుమీద హారన్. "బస్సు పోతది, జర జల్ది!" అని బాపు, అంటే మా నాన్న, ఒకటే కేకలు. ఎద్దు తలాడిస్తోంది. తాత మాత్రం నొప్పికి పెదవి కరుచుకుని, ఎండ ముఖాన కొట్టి కళ్ల నీళ్లు కారుతున్నా రెప్ప వేయలేదు. ఊపిరి బిగబట్టి నొక్కాను... టక్.

రీలు కడిగించడానికి అవ్వ ఒప్పుకోలేదు. "మనిషి రాకముందు ఫోటో ఇంట్లకు రావొద్దు" అని జొన్నల గుమ్మిలో దాచేసింది. దవాఖాన నుంచి కబురు లేదు. రీలు పాడైపోతుందేమోనని ఒక భయం... తాత పోయి ఆ రీలే మిగులుతుందేమోనని అంతకన్నా పెద్ద భయం. అన్నం సహించేది కాదు.

తాత వచ్చాడండీ! చిక్కి సగమై, కర్ర పట్టుకుని, బస్సు దిగి నడిచి వచ్చాడు. ముందు ఎడ్ల దగ్గరికే వెళ్లాడు. ఫోటో కడిగిస్తే ఎద్దు తల మసకమసకగా కదిలిపోయింది. పక్కన తాత ఎవరినో తిట్టబోతున్నట్టు గుడ్లురిమి చూస్తున్నాడు. ఎంత నవ్వుకున్నామో!

చాలా ఏళ్లకు తాత పోయాడు. ఎవరో అలవాటుగా జనగామకు కబురు చేశారు. స్టూడియో ఆయన వచ్చాడు, కుర్చీ వేశారు. అవ్వ లేచి, గోడమీది ఫోటో దించి గుండెకు పట్టుకుంది.

"మా ముసలాయన ఫోటో ఉన్నది కొడుకా... కండ్లు తెరిచిందే ఉన్నది. ఆ కుర్చీ తీసెయ్యిన్రి" అంది.

ఆ సైకిలు ఫోటో తీయకుండా మా ఊరి నుంచి వెళ్లిపోవడం అదే మొదటిసారి.

ఇప్పుడు నా ఫోన్ నిండా ఫోటోలే... ఊపిరి బిగబట్టి తీసింది ఒక్కటీ లేదు. మీ ఇంటి గోడమీదికి ఎక్కిన మొదటి ఫోటో ఎవరిది? కళ్లు తెరిచే ఉన్నారా?