సరోజనక్క తీసేసిన ఫొటో

నిన్న పొద్దున షాపు షట్టర్ తీస్తుంటే వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. కింద "శ్రద్ధాంజలి ఫ్లెక్స్, అర్జెంట్" అని ఉంది.

డౌన్‌లోడ్ అయ్యేదాకా ఎవరిదో అనుకున్నాను.

మా సరోజనక్క.

గోదావరిఖనిలో ఫ్లెక్స్ షాపు నడిపేవాడికి ఇలాంటి ఫొటోలు మామూలే. కానీ నిన్న ఆ పేరు టైప్ చేయడానికి చేతులాడలేదు.

ఫోన్ చేస్తే అక్క కోడలు ఎత్తింది. అక్క టీ పెట్టుకుంటూ స్టవ్ దగ్గరే కూలబడిందట. దవాఖానకు తీసుకెళ్లేలోపే అయిపోయిందట.

నిన్నటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. అందుకే రాస్తున్నాను.

అక్క ముప్పై ఏళ్లు నర్సుగా చేసింది. రిటైరయ్యాక సెకండ్ హ్యాండ్ కెమెరా కొనుక్కుని, ప్రింట్ల కోసం నా షాపుకొస్తూ నాకు అక్కయింది. మొదట చెట్లు మాత్రమే తీసేది.

వాళ్ల క్వార్టర్ ముందు ఎర్రగా పూసే పెద్ద చెట్టు ఉంది. అది ఆఫ్రికాదని మాలి చెప్పాడట. అప్పటి నుంచి అదే పిచ్చి. పొడవాటి కాయలు వేలాడే కిజీలియా ఆఫ్రికాదే. మనం రొట్టెలు చేసుకునే జొన్న కూడా మొదట అక్కడిదేనట. ఏనుగంత మొదలుండే బావోబాబ్ చెట్టు కోసం రామగుండంలో రైలెక్కి గోల్కొండ దాకా వెళ్లి వచ్చింది.

ఒకరోజు షాపుకొచ్చి చెప్పింది.

"గంత దూరం నుంచి అచ్చిన చెట్లను మనయే అనుకుంటున్నం తమ్మీ. పక్క గల్లీల మనిషిని మాత్రం ఎవరో అనుకుంటం."

మా ఫొటోల ఎగ్జిబిషన్ అలా మొదలైంది.

పోయిన చలికాలం, పార్కు కాంపౌండ్ గోడకు పన్నెండు ప్యానెళ్లు కట్టాం. ఎడమవైపు ఆఫ్రికా చెట్టు, కుడివైపు మన మనుషుల కష్టం. ఎర్రపూల చెట్టు పక్కన ఇటుక బట్టీకి వలస వచ్చిన ఒడిశా కుటుంబం. కిజీలియా పక్కన ఆక్సిజన్ పెట్టుకొని మంచం మీద కూర్చున్న పెద్దాయన. బావోబాబ్ పక్కన ఎండలో బిందెలు మోస్తున్న ఆడవాళ్లు.

అందరినీ అడిగే తీసింది. ఒక్కరిని తప్ప.

దవాఖాన మెట్ల మీద ఒకామె, ఒళ్లో టిఫిన్ బాక్స్, చేతిలో అన్నం ముద్ద, చూపు ఎటో. అక్క దూరం నుంచి తీసింది. అడుగుదామని దగ్గరికి వెళ్లేసరికి ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఇది వద్దు తమ్మీ, అడగలేదు అంది అక్క.

ముఖం సగమే కనిపిస్తోంది, ఎవరు గుర్తుపడతారు, మొత్తంలో బెస్ట్ ఫొటో ఇదే అన్నాను నేను. పక్కన జొన్నచేను పెట్టింది కూడా నేనే. "రోగికి భోజనం వస్తుంది. పక్కన కూర్చున్నవాళ్లు తిన్నారా?" అని కింద టైప్ చేశాను.

రెండో రోజు సాయంత్రం ఆమె వచ్చింది. పేరు లచ్చవ్వ. ఎవరో చుట్టాలు చూసి చెప్పారట. వెంట వచ్చిన కూతురితో కింది అక్షరాలు చదివించుకుంది. తర్వాత ఎవరు తీశారని అడిగింది. అక్క ముందుకు వెళ్లింది.

"నేను ఆకలితోని కూసోలె బిడ్డా" అంది లచ్చవ్వ. "మీ ఆయన పోయిండని అప్పుడే అచ్చి చెప్పిండ్రు. ముద్ద నోట్ల వెట్టాల్నా, పారెయ్యాల్నా తెల్వక గట్లనే పట్టుకున్న."

ఆమె గొంతు పెంచలేదు. వాకింగ్‌కు వచ్చినవాళ్లు ఎక్కడివాళ్లక్కడే ఆగిపోయారు.

అక్క కుర్చీ ఎక్కి తాళ్లు కోసి ఆ ప్యానెల్ తనే దించింది. 

నేను? ఇంకో ప్యానెల్ సరిచేస్తున్నట్టు నటిస్తూ అటు తిరిగి నిలబడ్డాను.

మర్నాడు అక్క షాపుకొచ్చింది. "పెట్టుమన్నది నువ్వు, పెట్టింది నేను. ఇద్దరం పోవాలె తమ్మీ, ఆమె ఇంటికి."

పెళ్లిళ్ల సీజన్ అన్నాను. మళ్లీ అడిగితే మెషిన్ రిపేర్ అన్నాను. మూడోసారీ ఏదో చెప్పాను. ఆ తర్వాత అడగడం మానేసింది. నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది.

తను ఒక్కతే వెళ్లడం మొదలుపెట్టింది. మొదట్లో లచ్చవ్వ మాట్లాడేది కాదట. అయినా నెలకోసారి వెళ్లేది. లచ్చవ్వ ఊరికెళ్లే ఆటో నా షాపు ముందు నుంచే పోతుంది. అక్క కనిపిస్తే నేను లోపలికి జరిగేవాణ్ని.

నిన్న మధ్యాహ్నం అక్క వాళ్లింటికి వెళ్లాను. అక్క తలదగ్గర కూర్చొని ఉంది లచ్చవ్వ.

ఆమెను చూడగానే వెనక్కి తిరిగి వెళ్లిపోదామనుకున్నాను. గేటు దాకా వెళ్లి మళ్లీ వచ్చాను.

ఆమె బయటికి వచ్చినప్పుడు చెప్పేశాను. ఆ ఫొటో పెట్టమన్నది నేనేనని, అక్క వద్దందని.



"అచ్చినప్పుడల్లా తప్పు నాదేనన్నది. నీ పేరు ఎన్నడు ఎత్తలె" అంది లచ్చవ్వ.

మళ్లీ తనే అడిగింది. "మరి ఇయ్యాల నువ్వెందుకు చెప్తున్నవ్? ఆమె కోసమా, నీ కోసమా?"

 జవాబు కోసం ఆమె ఆగలేదు. లోపలికి వెళ్లి మళ్లీ అక్క పక్కనే కూర్చుంది.

నిన్నటి నుంచి ఆ ప్రశ్న నన్ను నిలవనివ్వడం లేదు. ఈ పోస్ట్ కూడా ఎవరి కోసం రాస్తున్నానో తెలియడం లేదు.

ఒక్కటి మాత్రం తెలుసు. వచ్చే నెల ఆ ఆటో ఎక్కాలి. లచ్చవ్వ తలుపు తీసినా, తియ్యకపోయినా.

వెళ్లిరా అక్కా. నీకు నెమ్మది దొరకాలి. నాకు ఇంకొన్నాళ్లు దొరకకపోయినా సరే.