పొద్దున చెరిపేసిన నిన్న

పుంగనూరులో మా డీటీపీ సెంటర్ కంప్యూటర్‌లో ఈ రోజు పొద్దున చోటు అయిపోయింది. వెతికితే సిస్టమ్ రిస్టోర్ ఉలుకూ పలుకూ లేకుండా నాలుగు జీబీ ఆక్రమించుకుని ఉంది. ఏదైనా చెడితే కంప్యూటర్‌ను పాత తేదీకి తీసుకెళ్లే ఏర్పాటది. ఎప్పుడూ వాడింది లేదని ఆపేశాను. దాచిన తేదీలన్నీ పోయాయి.

మధ్యాహ్నం కొత్త ప్రింటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించగానే తెలుగు టైపింగ్ ప్రోగ్రాం తెరుచుకోవడం మానేసింది. ఎదురుగా తండ్రి ఉత్తరక్రియల పత్రిక కోసం సదుం నుంచి వచ్చిన రెడ్డెప్ప కూర్చున్నాడు.

"నిన్నటికి పోతే బాగయ్యేదన్నా. ఆ దారి పొద్దున నేనే తీసేసినా," అన్నాను.

"మిషను నిన్నటికి పోతాదా?" అని స్క్రీన్ వైపు వంగి చూశాడు. "అట్లాంటి దారి ఉంటే యాల తీసేస్తివమ్మా? మా నాయనను ఆస్పత్రికి రేపు తీసకపోదాం, రేపు తీసకపోదాం అంటానే ఉంటిని నేను."

పత్రిక మదనపల్లెలో వేయించుకోమని పంపేశాను.

చోటు చాలదని మీరెవరైనా ఇలాంటిది తీసేసుకున్నారా? చెప్పండి, నాకు కాస్త తోడుగా ఉంటుంది. రిస్టోర్ ఇప్పుడే మళ్లీ ఆన్ చేశాను. ఎంత వెనక్కి వెళ్లినా ఈ సాయంత్రం దాకానే వెళ్తుందట.