మా మరిదికి మూడోసారి వచ్చిన ఉత్తరం

కార్తీక మాసం, రెండో సోమవారం. విజయనగరం.

మా మరిది పోయారు. మీ వలంటీర్ల గుంపు నడిపే ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలుసు, సంతాపాలు రాసినవాళ్లూ ఉన్నారు. మామూలు జ్వరమనుకున్నాం. అది ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆస్పత్రిలో చేర్చిన వారంలోపే అంతా అయిపోయింది. ఆయన గురించి నాలుగు మాటలు రాయమని మీరు అడిగినప్పుడు చెయ్యి ఆడక ఊరుకున్నాను. ఇవాళ రాస్తున్నానంటే కారణం ఉంది. నిన్న మొదటి మాసికం పెట్టాం. భోక్తలు విస్తళ్ల ముందు కూర్చున్న వేళకి మీ గుంపు దగ్గర్నుంచి ఆయనకే ఒక ఈమెయిలు వచ్చింది. "మీరు ఈ ప్యాకేజీని ఇంకా చూస్తున్నారా? దయచేసి జవాబివ్వండి" అని. ఇలాంటిది రావడం ఇది మూడోసారి.

సంగతి తెలియనివాళ్ల కోసం మొదటినుంచి చెబుతాను.

మాది బెల్లం వ్యాపారం చేసే కుటుంబం. ఇంట్లో మగవాళ్లందరూ దుకాణంలో కూర్చుంటే, నా భర్త తమ్ముడు ఒక్కరే తీగలూ దీపాలూ అంటూ రైల్వే సిగ్నల్ విభాగంలో చేరారు. పెళ్లి చేసుకోలేదు. చివరి సంవత్సరాలు నౌపడలో పనిచేసి, రిటైరయ్యాక మా మేడమీద గదిలో దిగారు. చొక్కా జేబులో టెస్టరు, భుజం మీద తుండుగుడ్డ. పని అయ్యాక ఆ తుండుగుడ్డ కీబోర్డు మీద కప్పేవారు. నేను బాలికల హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి దిగిపోయినదాన్ని. కంప్యూటర్లో తెలుగు కొట్టడం నాకు నేర్పింది ఆయనే. నేను తప్పు కొడితే నవ్వేవారు కాదు. వేలు పెట్టి చూపించేవారు కూడా కాదు. నేనే కనుక్కునేదాకా పక్కన కూర్చునేవారు. అంత ఓర్పున్న టీచర్లని నా సర్వీసులో ఎక్కువమందిని చూడలేదు.

మేడమీద ఆయన చేసే పనికి జీతం లేదు. డబ్బు కట్టకుండా ఎవరైనా వాడుకోగలిగే ఒక ఆపరేటింగ్ సిస్టం ఉంది. దాన్ని నడిపేది ఎక్కడెక్కడో ఉన్న వలంటీర్లు. అందులో ఒక్కొక్క ప్రోగ్రామునీ మూట కట్టి సిద్ధంగా ఉంచే బాధ్యత ఒక్కొక్కరిది. ఆ మూటని ప్యాకేజీ అంటారు, చూసుకునే మనిషిని మెయింటైనర్ అంటారు. మా మరిది చూసుకున్నది తెరమీది తెలుగుని పైకి చదివి వినిపించే ప్రోగ్రాము. మా వీధి చివర ఉండే తెలుగు మాస్టారికి చూపు లేదు. పాఠం సిద్ధం చేసుకోవాలన్నా, పిల్లల జవాబులు చూడాలన్నా ఆయనకి ఈ ప్రోగ్రామే ఆధారం.

ప్యాకేజీ సరిగ్గా తయారైన ప్రతిసారీ మరిది దానిచేత ఒకే వాక్యం పలికించేవారు. "నౌపడ ఉప్పుమళ్ల మీద ఎండ కాసింది. వదినా, టీ పెట్టారా?" ఆ గొంతు ఎవరిదీ కాదు, ముక్కుతో మాట్లాడే మిషన్ గొంతు. మేడమీద కిటికీలోంచి నా వంటింట్లోకి దిగేది. నేను పాలు పొయ్యి మీద పెట్టేదాన్ని. గొంతు రాకుండా మనిషే దిగి వచ్చారంటే పని చెడిందన్నమాట.

"ఏమైంది?" అంటే "సూద్దుం వదినా" అనేవారు.

సూద్దుం. ఆయన నోటి నుంచి వచ్చిన మాటలన్నిటిలో నాకు ఒళ్లుమండేది అదొక్కటే.

ఇక తగువు సంగతి. స్కూల్లో టైంటేబుళ్లు వేసినదాన్ని కాబట్టి నాకు ఇలా అర్థమైంది. మనిషి రాసిన ప్రోగ్రాము మిషన్ మీద నడవాలంటే దాన్ని ముక్కలు ముక్కలుగా తయారుచేసి ఒకచోట కూర్చాలి. ఏది ముందు, ఏది తర్వాత, మారని ముక్కని మళ్లీ ముట్టుకోవాలా వద్దా అని చూసుకునే పనిముట్టుని బిల్డ్ టూల్ అంటారు. మా మరిది వాడింది పాతది. అందులో ప్రతి మెట్టూ మనమే రాయాలి. కొత్తదాంట్లో ఏం కావాలో చెబితే చాలు, వరస అదే చూసుకుంటుంది. దాన్ని తేవాలని పట్టుబట్టింది సాలూరులో ఉండే ఇంకో వలంటీరు, మా ఇంట్లో సాలూరాయన అంటాం. ఆయన లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేస్తూ ఆదివారాలు ఈ పని చూస్తారు. మా మరిదిని బాబయ్యా అనీ, నన్ను పెద్దమ్మా అనీ పిలుస్తారు.

ఇద్దరి మధ్యా ఎన్ని ఉత్తరాలు నడిచాయో! మరిది వాటిని టీ తాగుతూ నాకు చదివి వినిపించేవారు. కోపంగా రాసిన జవాబుని వెంటనే పంపేవారు కాదు. స్నానం చేసి వచ్చి మళ్లీ చదివితే అందులో సగం ఎగిరిపోయేది. మిగిలిన సగం పంపేవారు. అదే చాలు, సాలూరులో మంట లేవడానికి.

ఒక ఆదివారం సాలూరాయన ల్యాప్‌టాప్ సంకన పెట్టుకుని బస్సు దిగి వచ్చారు.

"బాబయ్యా, ఇయ్యాల తేలిపోవాల. మీ పాతదాంతో కట్టుదుం, నా కొత్తదాంతో కట్టుదుం. మాస్టారినే అడుగుదుం."

"అడుగు. సిగ్నల్ పడకపోతే ఏ తీగ తెగిందో కంటికి కనపడాల్రా. నీదాంట్లో కనపడతాదేటి?"

"కనపడడానికి ఇంత సాంతాడు రాయాలేటి? రేపు మీరు లేకపోతే దీన్ని ఎవుడు సదువుతాడు బాబయ్యా?"

"నేనెక్కడికి పోతన్నానురా!"

మాస్టారిని హాల్లో కూర్చోబెట్టాం. ఏది ఎవరిదో చెప్పకుండా రెండూ వినిపించారు. అదే వాక్యం, ఒకదాని తర్వాత ఒకటి. మాస్టారు చేతులు కట్టుకుని విన్నారు. మళ్లీ వెయ్యమన్నారు. మళ్లీ విన్నారు.

"తేడా ఏటండీ? నాకు రెండూ ఒకటే గొంతు."

ఇద్దరి మొహాలూ ఒకేలా వాడిపోయాయి. ఓడిపోయినా ఇంతకంటే బాగుండేది అన్నట్టు కూర్చున్నారు.

"రెండూ ఉప్పుమల్ల అంటన్నాయి. 'ళ' పలకట్లేదు. మీరు ముందు అది సూడండి," అన్నారు మాస్టారు.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని 'ళ' సరిచేశారు. ఉప్మా ప్లేట్లు చేతికిచ్చినా తల ఎత్తలేదు. ఆ పనిలో ఒక్క మాట తేడా రాలేదు. బస్సు వేళకి సాలూరాయన చెప్పులు వేసుకుంటూ "మరి టూలు సంగతి?" అన్నారు. "సూద్దుం" అన్నారు మా మరిది.

నాకు కోపం వచ్చింది. ఇందాకే తేలిపోయింది కదా, ఇంకా ఏం చూస్తావు అని అడిగాను. అప్పుడు ఆయన అన్న మాట ఇది: "కట్టే పద్ధతి మా గొడవ వదినా. మాట మాస్టారిది. మా గొడవ మేం పడతాం. మాట మాత్రం ఆగనియ్యం."

ఆ మాట నిలబెట్టుకున్నారని ఒప్పుకుని తీరాలి. ఆ సిస్టం కొత్త విడుదల దగ్గరపడితే ఇద్దరూ ఉత్తరాలు ఆపేసేవారు. ముందు ప్యాకేజీ బయటికి వెళ్లేది, ఆ మర్నాడు తగువు మళ్లీ మొదలయ్యేది. ఆస్పత్రిలో కూడా "మాస్టారి కొత్త మిషన్లో మాట వచ్చిందా వదినా?" అని అడిగారు. రాలేదు. ఆ పని ఎవరికి అప్పగించావని అడిగాను. సూద్దుం అన్నారు. అప్పగించకుండానే వెళ్లిపోయారు. దానికి ఆయన మీద నాకున్న కోపం ఇంకా తగ్గలేదు.

మాస్టారికి స్కూలువాళ్లు ఇచ్చిన కొత్త కంప్యూటర్లో, రాబోయే విడుదల కోసం సిద్ధమవుతున్న సిస్టం ఉంది. మా మరిది పాత రాత దాని మీద ఒకచోట ఆగిపోతోంది. ప్యాకేజీ తయారు కావడం లేదు. మాఘమాసంలో విడుదల. అప్పటికీ తయారుకాని ప్యాకేజీని జాబితాలోంచి తీసేస్తారు.

"ఇంగ్లీషు సదువుతాది మేడమ్‌గారూ, తెలుగు వచ్చిందంటే మింగేస్తాది," అన్నారు మాస్టారు మొన్న మా అరుగు మీద కూర్చుని. "నేను తెలుగు మాస్టార్ని. నాకు తెలుగు ఇంకొకలు సదివి పెట్టాల. ఎవరినో ఒకరిని బతిమాలుకుంటన్నాను."

దీన్ని సరిచేయగలిగినవాళ్లు ఇద్దరున్నారు. ఒకరు నా మనవరాలు. విశాఖపట్నంలో ఉద్యోగం. చినతాత దగ్గరే ఈ పని నేర్చుకుంది, మీ గుంపులో తనూ ఉంది. ఆయన ఉన్నన్నాళ్లూ "చినతాతా, నీ రాత మ్యూజియంలో పెట్టాలి" అని ఏడిపించేది, సాలూరాయన వైపు మాట్లాడేది. ఇప్పుడు అడిగితే ఇలా అంటోంది:

"చినతాత రాసింది రాసినట్టే ఉండాలి మామ్మా. ఒక్క అక్షరం మారనివ్వను."

"మార్చకపోతే అది నడవదు కదే?"

"నడవకపోతే మానె. కొత్త టూలు పెట్టి ఆయన్ని తుడిచేస్తామంటే ఊరుకోను."

"తుడిచేది ఎవరే? మాస్టారి నోరు కట్టేసింది నువ్వు!"

ఫోను పెట్టేసింది. ఏడుస్తోందని తెలుసు. అయినా నేను అన్నది సబబే.

రెండోవారు సాలూరాయన. నిన్న ఆ ఈమెయిలు రాసింది ఆయనే. విస్తళ్లు ఎత్తాక ఫోను చేశాను.

"నాయనా, పదోరోజు భోజనానికి మా ఇంటికి వచ్చావా లేదా?"

"వచ్చాను పెద్దమ్మా."

"పటానికి దండ వేసింది ఎవరు?"

"నేనే."

"మరి ఇంకా చూస్తున్నారా అని ఎవరిని అడిగావు?"

"రూలు పెద్దమ్మా. ఒకరి ప్యాకేజీని అడక్కుండా ఇంకొకలు ముట్టుకోకూడదు. మూడుసార్లు అడగాల. జవాబు రాకపోతేనే మనకి ఇస్తారు. ఇన్నాళ్లు ఆయనతో తగువుపడినోణ్ణి. రూలు దాటితే, పోయేదాకా కాసుకున్నాడు అంటారు నన్ను."

ఆ మాటకి నాకు జాలి వేసింది. కోపం పోలేదు.

"సరే. ముట్టుకోవడానికి వీలైతే ఆ పాత రాత సరిచేస్తావా?"

"పాతదానికి అతుకేస్తే ఇంక అదే ఉండిపోతాది పెద్దమ్మా. కొత్తదాంతో కట్టి ఉంచాను, మీ మనవరాల్ని ఒప్పుకోమనండి."

"ఈ ఆదివారం రా. ఇద్దరూ నా ఎదుట కూర్చోండి."

"సూద్దుం పెద్దమ్మా," అన్నారు.

ఈసారి ఫోను నేనే పెట్టేశాను.

నా మరిది మొండిమనిషి. ఆ మొండితనంలో కూడా తన గొడవ ఎక్కడ ఆపాలో ఎరిగిన మనిషి. మీరు ఆయన మీద రాసిన సంతాపాలన్నీ చదివాను. మంచి మాటలు రాశారు. ఆ సంతాపాల కిందే టూలు గురించి మళ్లీ మొదలుపెట్టారు, అదీ చదివాను. ఆయన మీద నిజంగా గౌరవం ఉంటే ఇక జరగవలసింది ఇది.

1. మా మరిదికి ఉత్తరాలు రాయడం ఆపండి. మూడింటికీ ఇదే జవాబు. ఆయన తరఫున ఇంటి పెద్దగా నేను ఇస్తున్నాను: ఆయన ఇక చూడరు, మీరు ముట్టుకోవచ్చు.

2. నా మనవరాలు ఈ ఆదివారం ఇక్కడికి వచ్చి, చినతాత రాతలో ఆగిన చోటు సరిచేయాలి. ఏడుస్తూ చేసినా ఫరవాలేదు.

3. సాలూరాయన మొదటి బస్సుకి వచ్చి, అమ్మాయి చేసింది సరిగ్గా ఉందో లేదో చూడాలి. ఆ రోజు కొత్త టూలు మాట ఎత్తకూడదు.

4. మాఘమాసం విడుదల దాటాక కొత్త టూలు తెచ్చుకోవచ్చు. మెయింటైనర్లుగా ఇద్దరి పేర్లూ ఉండాలి. ప్యాకేజీ మీద పనిచేసినవాళ్ల వరసలో మా మరిది పేరు ఉన్నచోటే ఉండాలి. తగువు అప్పుడు పడండి. జవాబులు స్నానం చేసి వచ్చాక పంపండి.

5. మాస్టారు విని సరే అనేదాకా పని అయినట్టు కాదు.

6. మేడమీద కిటికీ నేను మూయలేదు. తుఫాను జల్లు కొడుతోంది, ఆయన బల్ల తడుస్తోంది. కీబోర్డు మీది తుండుగుడ్డని రోజూ పిండి ఆరేసి మళ్లీ కప్పుతున్నాను. ఆ గదిలోంచి టీ పెట్టారా అని వినబడ్డాకే ఆ కిటికీ రెక్కలు వేస్తాను. తొందరగా రండి.