స్తంభంతో మాట్లాడిన ఇంగ్లీషు

మన వాద్దియారు, మీ బడిపంతులు, శనివారం తెల్లవారుజామున పోయారు. కబురు అందగానే మదురై నుంచి మీరంతా కలిసి రాసి పంపిన సంతాపం చదువుకున్నాను. బాగుంది, ఒక్కటి తప్ప. ఊళ్ళో మగపిల్లలకు ఇంగ్లీషు నేర్పిన మహానుభావుడు అని రాశారు. మగపిల్లలకే కాదు. మీకు తెలియకపోవడంలో వింత లేదు. మీరు పలకలు ఎగరేసుకుంటూ ఇళ్ళకు పరుగెత్తాక మొదలయ్యే పాఠం అది.

కుంఫిణీ వారి రోజుల్లో ఆయన తన ఇంటి ముందరి తిణ్ణె మీద బడి పెట్టినప్పుడు ఆయన దగ్గర ఉన్నది ఒక్క ఇంగ్లీషు పుస్తకం. అందులో మంచు, గొర్రెలకాపరి పడుచు, చర్చి గోపురం. మన నల్లరేగడిలో పుట్టిన పిల్లలు మంచును చూసి అది పత్తి అన్నారు. ఆయన పుస్తకం మూసి, పక్కింటి కోడలినైన నాకు గోడ మీదుగా వినబడేలా అన్నారు: "చూడని వస్తువుకు పేరు చెప్తే నోరు నేరుస్తుందిరా, తల నేరవదు."

మర్నాడు పొద్దున్నే ఇంటింటికీ పిల్లవాణ్ణి పంపి బుట్టెడు సామాను తెప్పించారు. పత్తికాయ, కొడవలి, చేట, దీపపు సెమ్మె, మా ఇంటి వంకర కాడ కరండి, అదే గరిటె. పప్పు కలిపే కరండి పొద్దుటిపూట పోతే ఇంట్లో గొడవ. కానీ పంతులు అడిగాడని అత్తగారు ఇచ్చింది. ఆ బుట్టే మీ పాఠ్యపుస్తకం. మీరొక్కొక్కరు ఒక వస్తువును అంగడిలో అడిగినట్టు అడగాలి, అది ఏం పని చేస్తుందో చెప్పాలి. అంతవరకు మీకూ తెలుసు.

తెలియనిది ఇది. సాయంత్రం సామాను తిరిగి ఇళ్ళకు పంపేవారు కాదు. ఎవరిది వాళ్ళు వచ్చి తీసుకోవాలి, ఇంగ్లీషులో అడిగి. ఊరి ఆడవాళ్ళం తిట్టుకుంటూ వెళ్ళాం. పరాయి మగవాడితో కోడళ్ళు నేరుగా మాట్లాడకూడదు కదా. తప్పనిసరైతే స్తంభానికి చెప్పాలి, వినవలసినవాడు వింటాడు. నేను తిణ్ణె కింద నిలబడి, రాతి స్తంభం వైపు తిరిగి, పగలంతా గోడ మీదుగా విన్న మాటల్లోంచి రెండు ఏరి అడిగాను. ఏం అడిగానో దేవుడికే తెలియాలి.

ఆయన నవ్వలేదు, తప్పనలేదు. కరండి తిణ్ణె అంచున పెడుతూ, నేను అడగబోయిన మాటే సరిగ్గా, నిదానంగా, స్తంభానికి చెప్పారు. అదే ఆయన పద్ధతి. "తప్పుగా అడిగినా ఇచ్చెయ్యాల. అడక్కుండా ఎత్తుకపోతేనే ఇయ్యగూడదు," అనేవారు. మర్నాడు నేను ఆ సరైన మాటతో వెళ్ళాను. ఆ పైన కరండి ఒక్కటే అడిగితే సరిపోలేదు; పొద్దున దానితో ఏం కలిపానో, ఉప్పు సరిపోయిందో లేదో కూడా స్తంభానికి చెప్పవలసి వచ్చింది.

ఒకసారి సర్కారు తరఫున ఒక దొర బడి చూడడానికి వచ్చాడు. బుట్ట చూసి ఇది బడా, సంతా అన్నాడట. సరిగ్గా అప్పుడే, అతను ఉన్నాడని తెలియక, గోడ వార నుంచి నేను కరండి అడిగాను. దొర లేచి స్తంభం వెనక్కి తొంగి చూశాడు. పోతూ పోతూ స్తంభానికి టోపీ తీశాడని మీలో ఒకడు ఊరంతా చాటాడు. నేను చూడలేదు కనుక ఒప్పుకోను. సర్కారు డబ్బు మాత్రం బడికి రాలేదు.

ఆ సాయంత్రం అత్తగారు, "కంబానికి ఇంగ్లీసు వస్తే నీకేం వచ్చెనే?" అంది. మర్నాడు పొద్దున కరండి తోమి బుట్టలో వేయమని తనే పంపింది.

తరువాత పట్నంలో పెద్ద బడి వచ్చింది, మీరు వెళ్ళిపోయారు. తక్కిన ఆడవాళ్ళు కొందరు విసిగారు, కొందరు పోయారు. బుట్టలో చివరికి నా కరండి ఒక్కటే మిగిలింది. వంటకు వేరేది కొన్నాను. అత్తగారూ పోయింది, ఇక నేరుగా మాట్లాడితే కాదనేవాళ్ళు లేరు. అయినా మేమిద్దరం స్తంభాన్ని వదల్లేదు. సాయంత్రమైతే నేను అడగడం, ఆయన ఇవ్వడం, వానల గురించో పత్తి పురుగు గురించో నాలుగు మాటలు. నా మనవళ్ళకు ఇంగ్లీషు వచ్చు, కచ్చేరీ కొలువులో వాడతారు. అవ్వతో మాట్లాడడానికి అది పనికిరాదనుకుంటారు. ఈ ఊళ్ళో నేను ఆ భాషలో మాట్లాడితే జవాబిచ్చిన మనిషి ఆయన ఒక్కరే.

ఆయనకు జ్వరం వచ్చిన రోజు తలుపు వేశారు. కరండి లోపలే ఉండిపోయింది. నిన్న సాయంత్రం అలవాటుగా వెళ్ళి నిలబడ్డాను. నోరు తెరిచాను కూడా. స్తంభం రాతిదని అప్పుడు తెలిసింది.

ఆయన కోడలు మంచిదే. కార్యం అయ్యాక తిణ్ణె మీద పత్తి మూటలు వేయిస్తుందట, బుట్ట కొట్టంలోకి పోతుంది. కాబట్టి కార్యానికి ముందుగా వచ్చేవాళ్ళు ఒక పని చేయండి. ఇద్దరు రండి. కాళ్ళు కడుక్కున్నాక, భోజనానికి కూర్చోకముందే, ఒకరు స్తంభం వైపు తిరిగి నా కరండి అడగండి, ఇంగ్లీషులో, గట్టిగా. తప్పు పోయినా ఫరవాలేదు. రెండోవారు బుట్టలోంచి కరండి తీసి ఇస్తూ ఆ మాటే సరిగ్గా చెప్పండి. తరువాత దాన్ని మా గోడ మీద పెట్టి వెళ్ళండి. ఇవతల నేను కూర్చుని ఉంటాను.